ప్రమాణమూ ఋణమూ

1918లో వెలువడిన రెండు పుస్తకాలకు మధ్య ఒక ఆసక్తికరమైన బంధుత్వం ఉంది. మొదటిది రవీంద్రనాథ్ ఠాగూర్ వంగ కవితా సంపుటి 'పలాతక'. అందులోని 'ఫాంకి' అనే కథాకావ్యంలో కీలక ఘట్టం బిలాస్‌పూర్ రైల్వే స్టేషన్‌లో జరుగుతుంది. రెండవది ఠాగూర్ తత్త్వచింతనపై సర్వేపల్లి రాధాకృష్ణన్ రాసిన ఆంగ్ల గ్రంథం. పన్నెండేళ్ళు తిరిగేసరికి ఈ కవి, ఈ దార్శనికుడు ఇద్దరూ ఇంగ్లండులో ఒకే ఉపన్యాస పరంపరకు ఆహ్వానితులయ్యారు. 1929-30లో రాధాకృష్ణన్, 1930 మే నెలలో ఆక్స్‌ఫర్డులో ఠాగూర్ హిబ్బర్ట్ ఉపన్యాసాలు ఇచ్చారు. మొదటివి 1932లో 'యాన్ ఐడియలిస్ట్ వ్యూ ఆఫ్ లైఫ్'గా, రెండవవి 1931లో 'ది రెలిజియన్ ఆఫ్ మ్యాన్'గా గ్రంథరూపం పొందాయి. విజ్ఞానశాస్త్రం ప్రపంచాన్ని వివరిస్తున్న కాలంలో మతచింతనకు మిగిలిన చోటు ఏది? ఇద్దరి ముందూ ఉన్న ప్రశ్న ఇదే. ఇద్దరి సమాధానాలూ ఒకటేనని చాలామంది భావిస్తూ వచ్చారు. నిశితంగా పరిశీలిస్తే వాటి మధ్య గల భేదమే ఎక్కువ ఉపయోగకరమైనదని తేలుతుంది.

ఈ ప్రశ్నను విశ్వవిద్యాలయాల ఆవరణలో కాక, ఒక రైల్వే పట్టణంలో నిలబెట్టి చూడడం మేలు. బిలాస్‌పూర్ అందుకు తగిన స్థలం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తన ప్రధాన మార్గాన్ని ఛత్తీస్‌గఢ్ మైదానం మీదుగా నిర్మించిన తర్వాతనే ఈ ఊరు జంక్షన్‌గా ఎదిగింది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది. అదే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే విజయనగరం, వాల్తేరులను కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం పూర్తయింది. ఉద్యోగాలు పట్టాల వెంట సాగాయి. ఉద్యోగాల వెంట ఉత్తరాంధ్ర కుటుంబాలు సాగాయి. ఖరగ్‌పూర్, చక్రధర్‌పూర్ వలెనే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలలోనూ తెలుగు మాట తరతరాలుగా వినిపిస్తూ ఉంది.

రైల్వే పట్టణంలో యంత్రమూ పూజా ఒకే ఇంట్లో నివసిస్తాయి. పగలంతా ఇంటర్‌లాకింగ్ సర్క్యూట్‌ను పరీక్షించిన సాంకేతిక నిపుణుడే సెప్టెంబరులో విశ్వకర్మ పూజనాడు యంత్రానికి పసుపు కుంకుమలు అలంకరించి కొబ్బరికాయ కొడతాడు. దసరాలో ఆయుధపూజ సంగతి చెప్పనక్కరలేదు. దీన్ని అజ్ఞానమని తీసివేసేవారు ఉన్నారు. ఇదే భారతీయ సమన్వయమని మురిసిపోయేవారూ ఉన్నారు. రెండు మాటలూ తొందరపాటు మాటలే. కొబ్బరికాయ కొట్టినంత మాత్రాన ఏ నిపుణుడూ సర్క్యూట్ పరీక్షను మానడు. సర్క్యూట్ సక్రమంగా ఉందని కొబ్బరికాయ కొట్టడమూ మానడు. అంటే ఈ రెండింటి నుంచీ అతడు ఆశిస్తున్నది ఒకటి కాదన్నమాట. ఆ భేదాన్ని తాత్త్విక పరిభాషలో చెప్పగలిగిననాడు అసలు ప్రశ్నకు సగం సమాధానం దొరికినట్లే.

రాధాకృష్ణన్ సమాధానం అంతర్దృష్టి అనే భావన మీద నిలిచింది. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్షులుగా తెలుగునాట విద్యారంగాన్ని తీర్చిదిద్దిన ఈ దార్శనికుడు తన హిబ్బర్ట్ ఉపన్యాసాలలో ముందుగా ఆధునిక విజ్ఞానం మతం మీద చేసిన దాడిని దాచకుండా ప్రతిపక్షంగా నిలబెట్టారు. భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, మతాల తులనాత్మక అధ్యయనం - వీటిలో ఒక్కొక్కటీ పాత విశ్వాసపు పునాదిని ఎలా కదిలించిందో వివరించారు. పూర్వపక్షాన్ని ఇంత నిజాయితీగా నెలకొల్పిన మతసమర్థకులు అరుదు. ఆ తర్వాత ఆయన వాదం ఇలా సాగుతుంది: బుద్ధి ముక్కలు ముక్కలుగా తెలుసుకుంటుంది, అంతర్దృష్టి సమగ్రంగా గ్రహిస్తుంది. మహాశాస్త్రవేత్తకు కొత్త సిద్ధాంతం స్ఫురించేది, కవికి కావ్యం స్ఫురించేది, ఋషికి పరమార్థం భాసించేది ఈ శక్తి వల్లనే. కనుక మతానుభవం విజ్ఞానానికి శత్రువు కాదు. ఒకే చెట్టుకు మరో కొమ్మ.

ఈ వాదంలోని బలాన్ని గుర్తించవలసి ఉంది. అది వెలువడిన కాలంలో, పరిశీలనలను కుప్పపోస్తే సిద్ధాంతం దానంతటదే పుడుతుందనే భావన ఇంకా బలంగానే ఉంది. అది సరికాదని, ఊహ లేకుండా శాస్త్రం లేదని ఆయన చెప్పడం సమంజసం. ఆ దశకంలోనే వైట్‌హెడ్, ఎడింగ్టన్ వంటివారు భౌతికశాస్త్ర పరిమితులను గురించి చర్చిస్తున్నారు. రాధాకృష్ణన్ ఆ చర్చలో భారతీయ స్వరాన్ని సమాన స్థాయిలో వినిపించారు. అది చిన్న సాధన కాదు.

అయితే ఆయన వాదం ఆవిష్కరణ దగ్గర ఆగిపోయింది. పరీక్ష దాకా రాలేదు. ఒక భావన ఎలా స్ఫురించిందన్నది ఒక ప్రశ్న. అది నిజమేనా అన్నది వేరొక ప్రశ్న. 1938లో రైఖెన్‌బాఖ్ ఈ రెండు సందర్భాలను స్పష్టంగా విడదీశాడు. అంతకు నాలుగేళ్ళ ముందే కార్ల్ పాపర్, ఒక ప్రతిపాదన శాస్త్రీయం కావాలంటే అది ఏ పరిస్థితిలో తప్పని తేలుతుందో ముందుగా చెప్పగలగాలని వాదించాడు. శ్రీనివాస రామానుజన్ ఉదాహరణ ఇక్కడ వెలుగునిస్తుంది. నామగిరి అమ్మవారి అనుగ్రహం వల్లనే తనకు సూత్రాలు స్ఫురిస్తున్నాయని ఆయన విశ్వసించారు. గణితలోకం ఆ విశ్వాసాన్ని నిషేధించలేదు, ఆధారంగా స్వీకరించనూ లేదు. హార్డీ అడిగింది నిరూపణలు. ఆ అసాధారణ మేధ నుంచి వచ్చిన ఫలితాలలో అనేకం నిజమని తేలాయి. ప్రధాన సంఖ్యల గురించి ఆయన తొలినాళ్ళలో చెప్పిన కొన్ని ఫలితాలు పొరపాటని తేలాయి. స్ఫురణకు మూలం ఎంత పవిత్రమైనదైనా, ఫలితం సరైనదనడానికి అది హామీ కాదు. అంతర్దృష్టి శాస్త్రవేత్తకు ద్వారం వంటిది. తీర్పు చెప్పే పీఠం కాదు. రాధాకృష్ణన్ ఋషి అనుభవానికి ఆ రెండు స్థానాలనూ ఇచ్చారు. అనుభవం స్వయంగా ప్రకాశిస్తుందని, వేరే రుజువు అక్కరలేదని ఆయన అభిప్రాయం. కొమ్మలు ఒకే చెట్టువని చెప్పిన వాదం సరిగ్గా అక్కడే రెండుగా చీలుతుంది.

ఈ విమర్శ పాశ్చాత్యుల నుంచి అరువు తెచ్చుకున్నదని ఎవరైనా అంటే, అది మన దర్శన చరిత్రను మరచిన మాట. జ్ఞానానికి ప్రామాణ్యం ఎక్కడ నుంచి వస్తుందన్న చర్చ భారతీయ తర్కంలో శతాబ్దాలపాటు సాగింది. మీమాంసకులది స్వతఃప్రామాణ్యవాదం. వారి దృష్టిలో కలిగిన ప్రతి జ్ఞానమూ ప్రమాణమే. తర్వాతి జ్ఞానం దాన్ని కాదనేదాకా, లేదా అది పుట్టిన కారణంలో దోషం బయటపడేదాకా దాన్ని నమ్మవచ్చు. అలా కాదనడాన్నే శాస్త్రపరిభాషలో 'బాధ' అంటారు. నైయాయికులది పరతఃప్రామాణ్యవాదం. దూరాన నీరు కనిపించినంత మాత్రాన చాలదు. వెళ్ళి తాగితే దాహం తీరాలి. ప్రవృత్తి సఫలమైతేనే జ్ఞానం ప్రమాణమని వారి సిద్ధాంతం. చివరికి వేదప్రామాణ్యాన్ని స్థాపించడానికి కూడా గౌతముడు ఆయుర్వేదాన్ని దృష్టాంతంగా తీసుకున్నాడు. మందు పనిచేస్తున్నది కనుక దాన్ని చెప్పినవాడు నమ్మదగినవాడైనట్లే, ఇదీ ఆప్తుని వాక్కు కనుక ప్రమాణమని ఆ న్యాయం. వాదం అంగీకారయోగ్యమా కాదా అన్నది వేరే విషయం. విశ్వాసానికి కూడా కారణం చూపవలసిందేనన్న పట్టుదల అందులో ఉండడం గమనార్హం.

శంకరుల వైఖరి మరింత స్పష్టమైనది. అగ్ని చల్లనిదని వంద శ్రుతులు చెప్పినా అది ప్రమాణం కాజాలదని ఆయన గీతాభాష్యంలో తేల్చి చెప్పారు. ప్రత్యక్షానికి, అనుమానానికి అందే విషయాలలో శ్రుతికి అధికారం లేదు; వాటికి అందని దానిలోనే శ్రుతికి చోటు. ఈ ఒక్క నియమాన్ని గౌరవించి ఉంటే, ప్రతి కొత్త ఆవిష్కరణా వెలువడిన మరునాడే దాన్ని పాత శ్లోకంలో వెదికే అలవాటు మనకు అబ్బేది కాదు. గుంటూరు సీమకు చెందిన దార్శనికుడు కొత్త సచ్చిదానందమూర్తి 1959లో ప్రచురించిన 'రివలేషన్ అండ్ రీజన్ ఇన్ అద్వైత వేదాంత' గ్రంథం శ్రుతికీ తర్కానికీ గల ఈ సంబంధాన్నే అంశంగా స్వీకరించింది. అద్వైత పక్షాన్ని వివరించడంతో ఆగక, దాన్ని విమర్శకు నిలబెట్టింది. రాధాకృష్ణన్ సమన్వయ దృష్టికి తెలుగునేల నుంచే లభించిన పరీక్షా దృష్టిగా దాన్ని చదువుకోవచ్చు. ఒకరు వంతెన కట్టారు. మరొకరు ఆ వంతెన ఎంత బరువు మోయగలదని అడిగారు. దర్శనానికి ఇద్దరూ కావాలి.

వంతెన బరువును లెక్కించే పని రైల్వేకు నిత్యకృత్యం. బిలాస్‌పూర్ వంటి జంక్షన్‌లో ఆకుపచ్చ దీపం చూసి బండిని ముందుకు నడిపే లోకో పైలట్‌ది కూడా ఒక విశ్వాసమే. ముందున్న పట్టా ఖాళీగా ఉందో లేదో అతడు స్వయంగా చూడలేదు. అయితే ఆ విశ్వాసాన్ని నిర్మించిన తీరు వేరు. సిగ్నల్ వ్యవస్థను తయారుచేసినవారు అది ఎన్నడూ చెడదని భావించలేదు. ఏదో ఒకనాడు చెడుతుందనే భావించారు. అందుకే పాత సిమాఫోర్ సిగ్నల్‌కు తీగ తెగితే దాని చెయ్యి బరువు వల్ల 'ఆగు' అనే స్థితికే తిరిగి వచ్చేది. ట్రాక్ సర్క్యూట్‌లో విద్యుత్తు ఆగిపోతే పట్టా మీద బండి ఉన్నట్లే లెక్క. తన పొరపాటును ముందే ఊహించి, ఆ పొరపాటు ప్రాణం తీయకుండా ఏర్పాటు చేసుకున్న విశ్వాసమిది. శాస్త్రీయ దృక్పథాన్ని ఒక పరికరంగా మలిస్తే అది ఇలాగే ఉంటుంది.

ఆ ఏర్పాటు కూడా విఫలమయ్యే రోజులు ఉంటాయి. 2025 నవంబరు 4న బిలాస్‌పూర్ సమీపంలో ప్రయాణికుల రైలు ఒకటి గూడ్సు రైలును ఢీకొని పలువురు మరణించారు. ఇటువంటి ప్రమాదాలపై చట్టబద్ధ విచారణ జరిపేవారు రైల్వే భద్రతా కమిషనర్లు. వారి వ్యవస్థ రైల్వే మంత్రిత్వశాఖ కింద కాక పౌర విమానయాన మంత్రిత్వశాఖ కింద ఉండడం పైకి వింతగా కనిపిస్తుంది. బండ్లు నడిపేవారే తమ తప్పొప్పులకు న్యాయనిర్ణేతలు కాకూడదన్నది దాని అంతరార్థం. బాధకజ్ఞానానికి స్వతంత్రమైన పీఠం ఉండాలన్న సూత్రం పరిపాలనలో తీసుకున్న రూపమిది. సిద్ధాంతాలు అంత సులభంగా కూలవని, శాస్త్రవేత్తలు కూడా అలవాటైన చట్రాన్ని పట్టుకొని వేలాడతారని థామస్ కూన్ 1962లో చూపించాడు. ఆ మాట నిజమే. అందువల్లనే శాస్త్రం వ్యక్తుల సద్బుద్ధి మీద మాత్రమే ఆధారపడక, తనను తాను కాదనిపించుకునే సంస్థలను నిర్మించుకోవలసి వచ్చింది.

ప్రమాదం జరిగిన వేళ విచారణాధికారి ఎవరి పాపఫలమిది అని అడగడు. ఏ పరికరం, ఏ నియమం, ఏ నిర్ణయం విఫలమైందని అడుగుతాడు. ఈ రెండు ప్రశ్నల మధ్య భేదం మన జాతీయ జీవితంలో ఒకసారి బహిరంగంగా చర్చకు వచ్చింది. 1933 నవంబరులో హరిజన యాత్రలో భాగంగా గాంధీజీ ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో పర్యటిస్తూ బిలాస్‌పూర్‌కు కూడా వచ్చారు. అస్పృశ్యతపై ఆయన పోరాటం ఉధృతంగా సాగుతున్న రోజులవి. 1934 జనవరి 15న బీహారులో మహాభూకంపం వచ్చింది. అస్పృశ్యత అనే పాపానికి ఇది దైవం విధించిన శిక్ష అని గాంధీజీ ప్రకటించారు. అస్పృశ్యతపై ఆయనతో ఏకీభవించే ఠాగూరే దీన్ని బాహాటంగా ఖండించారు. భౌతిక ఉపద్రవాలకు భౌతిక కారణాలే ఉంటాయని, నైతిక సూత్రాలను ప్రకృతి సంఘటనలతో ముడిపెడితే అదే వాదాన్ని ఛాందసులు గాంధీజీ మీదకే తిప్పగలరని ఆయన హెచ్చరించారు. తన విశ్వాసాన్ని రుజువు చేయలేనని గాంధీజీ అంగీకరించారు. అది పొరపాటని తేలినా తనకూ తనతో నమ్మేవారికీ మేలే చేసి ఉంటుందని బదులిచ్చారు. ఏ ఫలితం వచ్చినా ఓడిపోని విశ్వాసమది. సరిగ్గా అందుకే అది భూకంపాన్ని గురించి ఏమీ చెప్పలేదు. అయితే ఆ ఖండనను గాంధీజీ తన 'హరిజన్' పత్రికలోనే ప్రచురించారన్నది మరువరాదు. భూకంపం విషయంలో బాధకు తావివ్వని వ్యక్తి, తన పత్రికలో దానికి చోటిచ్చారు.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. 1930 జూలైలో ఐన్‌స్టీన్‌తో జరిగిన ప్రసిద్ధ సంభాషణలో, మనిషికి వెలుపల స్వతంత్రమైన సత్యం లేదని వాదించినవాడు ఈ ఠాగూరే కదా? మానవుడు లేకున్నా సత్యం ఉంటుందన్నది ఐన్‌స్టీన్ పక్షం. దాన్ని నిరూపించలేనని ఒప్పుకొని, అదే తన మతమని ఆయన అన్నారు. ఆ లెక్కన ఠాగూర్ కన్నా తానే ఎక్కువ మతనిష్ఠ కలవాడినని చమత్కరించారు. మరి మానవసత్యవాది ఠాగూర్ భూకంపం దగ్గర మనిషితో నిమిత్తం లేని కార్యకారణ నియమాన్ని ఎలా సమర్థించారు? ఇది పరస్పర విరుద్ధమని కొందరికి తోచవచ్చు. నిజానికి ఠాగూర్ దృష్టిలో మానవసత్యం అంటే ఒక మనిషి తన భయానికో కోరికకో అనుగుణంగా అల్లుకున్నది కాదు. మనుషులందరి బుద్ధికీ సమానంగా అందేది. భూకంపాన్ని శిక్షగా చూపేవాడు ఆ ఉమ్మడి బుద్ధినే వదులుకుంటున్నాడు. శిథిలాల కింద మరణించినవారిలో అస్పృశ్యత బాధితులు కూడా ఉంటారన్న ప్రాథమిక వాస్తవాన్ని ఆ వివరణ మోయలేదు. కవి అభ్యంతరం శాస్త్రం పేరిటే కాదు, కరుణ పేరిట కూడా.

అలాగైతే మతచింతనకు మిగిలేది ఏమిటి? 'ఫాంకి' కావ్యం దీనికి తన పద్ధతిలో సమాధానం చెబుతుంది. జబ్బుపడిన ఇరవై మూడేళ్ళ భార్యను గాలిమార్పు కోసం తీసుకువెళుతున్న భర్త, బండి మారడానికి బిలాస్‌పూర్‌లో గంటల తరబడి ఆగవలసి వస్తుంది. అక్కడ ఒక కూలీ భార్య రుక్మిణి, కూతురి పెళ్ళికి పాతిక రూపాయలు కావాలని ఆమెతో గోడు చెప్పుకుంటుంది. ఇవ్వమని భార్య అడుగుతుంది. భర్త రుక్మిణిని చాటుకు తీసుకువెళ్ళి, బెదిరించి, రెండు రూపాయలు చేతిలో పెట్టి పంపేస్తాడు. ఇచ్చానని భార్యతో అబద్ధం చెబుతాడు. రెండు నెలలకు ఆమె నిండు సంతోషంతో కన్నుమూస్తుంది. తిరుగు ప్రయాణంలో అతడు రుక్మిణిని వెదుకుతాడు. ఆమె ఆచూకీ చెప్పగలవారు ఎవరూ ఉండరు. వంచన అనే అర్థమిచ్చే ఆ శీర్షిక అతని మెడకు జీవితాంతం చుట్టుకుంటుంది.

ఇందులో కొలవవలసింది లేదు. రెండుకూ పాతికకూ తేడా ఇరవై మూడని అంకగణితం చెబుతుంది. ఆ ఇరవై మూడు ఎందుకు తీరని ఋణమైందో చెప్పదు. భార్య మరణించింది కనుక ఇచ్చిన మాట రద్దయిందని ఏ పరిశీలనా రుజువు చేయలేదు, కాదనలేదు. ఇక్కడ అతడు ఎదుర్కొంటున్నది ప్రపంచం ఎలా ఉందన్న ప్రశ్న కాదు; తాను ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న. మతచింతనలో ఉత్తమమైనదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. బిలాస్‌పూర్ విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన గురు ఘాసీదాస్ సత్నామ్ బోధ, విగ్రహాన్నీ కులభేదాన్నీ తిరస్కరించి సత్యాన్నే దైవంగా నిలిపింది. మన వేమన బాటా అదే. వీరి మతచింతనలో ఖండనకు చోటుంది. తమ సమాజపు నమ్మకాన్నే వారు పరీక్షకు పెట్టారు. కనుక బాధను సహించడం శాస్త్రానికి, సహించకపోవడం మతానికి సహజమన్న విభజన కూడా సరైనది కాదు. శాస్త్రం తన వాక్యాలను వాస్తవం ముందు పరీక్షకు నిలబెడుతుంది. మతం తన ఆచరణను ఎదుటి మనిషి ముందు పరీక్షకు నిలబెట్టాలి. ఒకదాని పరీక్షను మరొకటి రాయలేదు.

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51-ఎ అధికరణ, శాస్త్రీయ దృక్పథాన్నీ మానవతావాదాన్నీ జిజ్ఞాసనూ సంస్కరణాభిలాషనూ ఒకే వాక్యంలో పౌరుని విధిగా నిర్దేశించింది. వాటిని విడదీయకపోవడంలో వివేకం ఉంది. విశ్వకర్మ పూజను అధికారికంగా నిషేధించడం వల్ల ఆ విధి నెరవేరదు. పుష్పక విమానాన్ని పాఠ్యాంశంగా చేర్చడం వల్ల అంతకన్నా నెరవేరదు. రెండవ పని శాస్త్రాన్ని అవమానిస్తుంది; పురాణాన్ని కూడా, దాని అసలు సందేశాన్ని వదిలించి, యంత్రాల జాబితాగా దిగజారుస్తుంది. శాస్త్రీయ దృక్పథానికి గీటురాయి విచారణ నివేదికను దాచకుండా బయటపెట్టడం, దాన్ని రాసేవారిని స్వతంత్రంగా ఉంచడం. మతదృష్టికి గీటురాయి పూజలో ఎంత ఖర్చుపెట్టామన్నది కాదు. ఆ యంత్రం కింద పనిచేసే కూలీకి ఇస్తామన్నది ఇచ్చామా అన్నది.

రాధాకృష్ణన్ రెండు లోకాలనూ అంతర్దృష్టి అనే ఒకే తాళంచెవితో తెరవాలని చూశారు. ఆ ప్రయత్నంలోని ఔదార్యం నేటికీ ఆదరణీయమే. ఠాగూర్ రెండు తాళాలు వేరని గుర్తించి, తలుపులు మాత్రం ఒకే ఇంటివని చూపించారు. సిగ్నల్ ఎర్రగా ఉన్నప్పుడు బండి ఆపడం, మాట ఇచ్చినప్పుడు పాతిక రూపాయలూ ఇవ్వడం - ఈ రెండింటిలో ఏది తప్పినా నష్టపోయేది మనిషే. అయితే మొదటిదాన్ని దైవానికి వదిలేసేవాడు ప్రాణాలతో ఆడుకుంటాడు. రెండవదాన్ని లెక్కలకు వదిలేసేవాడు, ఆ కావ్యంలోని భర్తలా, ఋణం తీర్చే చిరునామాను పోగొట్టుకుంటాడు.